ఆపెయ్ అన్నాక ఎందుకని అడగరు

లాస్ క్రూసెస్, న్యూ మెక్సికో
జనవరి

అక్కా,

బావ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దని డాక్టరు చెబితే గాలిమర స్తంభాలెక్కి మరమ్మతులు చేసొచ్చే మనిషికి మనం ఏం చెప్పినా ఒకటే.

నేను ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానంటే విషయం పెద్దదేనని నీకు తెలిసిపోయి ఉంటుంది. ఫోనులో నీ గొంతు నాకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం నేనే ఊహించుకుని 'అక్క సరేనంది' అనుకుంటాను. ఈసారి అలా కుదరదు. నిదానంగా చదువుకో, ప్రార్థన చేసుకో, అప్పుడు జవాబు రాయి.

మా రాకెట్ విమానం సంగతి నీకు తెలుసు కదా. తల్లి విమానం దాన్ని పొట్ట కింద మోసుకుపోయి ఎత్తులో వదిలేస్తుంది. అప్పుడు మేం ఇంజను వెలిగిస్తాం. కాసేపు మండుతుంది, నిట్టనిలువుగా అంతరిక్షం అంచుదాకా పోతాం, అక్కడ కొంతసేపు తేలి, ఇంజను లేకుండానే గద్దలా తిరుగుతూ దిగిపోతాం. ఇప్పటిదాకా పరీక్షలకి నేనూ మారిసోలూ ఇద్దరమే వెళ్ళొచ్చాం. మారిసోల్ అంటే నా పక్కన కుడి సీట్లో కూర్చునే పైలట్, పోయినేడు మీ ఇంటికొచ్చి డామినోల ఆటలో బావని ఓడించి ఆయన చేత గిన్నెలు తోమించిన పిల్ల.

ఈ శరదృతువులో డబ్బు కట్టినవాళ్ళు ఎక్కుతారు. నలుగురు. వాళ్ళల్లో కొందరు పదిహేనేళ్ళుగా టికెట్టు దాచుకుని కూర్చున్నారు. ఆ మొదటి ప్రయాణంలో ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు, నాదేనని మా కంపెనీ పెద్ద ప్రెంటిస్ గారు నోటితో చెప్పారు. అక్కా, మన మొహావిలో ఇంటి కప్పెక్కి విమానాలు చూసిన రోజు నుంచీ నేను కోరుకున్నది ఆ సీటే.

అయితే పైలట్లమంతా ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. టికెట్టు కొన్నవాళ్ళకంటే ముందు మా ఇంటి మనిషి ఎక్కాలి. సొంత మనిషిని కూర్చోబెట్టలేని విమానంలో పరాయి మనిషిని కూర్చోబెట్టకూడదు. ప్రెంటిస్ గారికి ఇది నచ్చలేదు గానీ ఒప్పుకున్నారు. మారిసోల్ వాళ్ళ నాన్న తయారయ్యాడు, గుండె డాక్టరు వద్దన్నాడు. నాకెవరున్నారు? డార్లాకి విడాకులిచ్చి ఆరేళ్ళయింది. ఆమెని వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటే ఇంజను కంటే ఆమె చూపుకే నా మెడ కాలిపోతుంది.

నువ్వొస్తావా?

నీ తమ్ముడు
గ్రేడీ


మొహావి, కాలిఫోర్నియా
ఫిబ్రవరి

ప్రియమైన తమ్ముడికి,

దేవుని దయవల్ల అందరం కులాసా. మీ బావ మోకాలు ఆయన నోరంత గట్టిగా ఉంది.

నీ ఉత్తరం ఆప్రాన్ జేబులో పెట్టుకుని బడి వంటింట్లో ఎన్నిసార్లు తీసి చదివానో, కాగితానికి గ్రేవీ మరక కూడా అంటింది. చివరికి నాతో వంట చేసే బెర్నీస్ లాక్కుని చదివేసింది. "నోరీన్, నువ్వు లిఫ్టు ఎక్కితేనే గోడ పట్టుకుంటావు. అక్కడ దేన్ని పట్టుకుంటావే?" అంది. "మా తమ్ముడి చెవి" అన్నాను. అందరూ నవ్వారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటే మేం నవ్వుతూ నిలబడ్డాం, ప్రిన్సిపాల్ వచ్చేదాకా.

మీ బావని అడిగితే, "వెళ్ళు, నువ్వు పైనున్నంతసేపైనా టీవీ నా చేతిలో ఉంటుంది" అన్నాడు. తర్వాత గరాజ్‌లోకి పోయి చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే ఊరికే నిలబడి ఉన్నాడు. "అతను మంచి పైలటేనా?" అని అడిగాడు. ఇరవై రెండేళ్ళుగా నీతో చేపలు పట్టిన మనిషి! "మంచివాడే" అన్నాను. "అయితే సరే" అన్నాడు.

ప్రార్థన చేశాను. మన పాస్టరు గారు చెప్పినట్టు గొంతేమీ వినిపించలేదు. కానీ మర్నాడు బంగాళాదుంపలు ఒలుస్తుంటే మనసు తేలిగ్గా ఉంది. నాకది చాలు. వస్తాను.

ఒక్క మాట అడుగుతాను, నిజం రాయి. నీకు భయం వెయ్యదా?

నీ అక్క
నోరీన్


లాస్ క్రూసెస్
మార్చి

అక్కా,

నువ్వు వస్తానన్నావని చెప్పగానే మారిసోల్ విమానాలు పెట్టే హ్యాంగర్ అంతా పరిగెత్తి చాటింది. నీ కొలతలకి సూటు కుడుతున్నారు. నీలం రంగు. నడుము దగ్గర నిజం చెప్పావు కదా? అబద్ధం చెబితే బెల్టు ఊరుకోదు.

భయం సంగతి అడిగావు. మా భయమంతా బల్ల దగ్గరే. ఎగిరే ముందురోజు అందరం ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుంటాం. ఏది ఎంత దాటితే వెనక్కి తిరగాలో ఒక్కొక్కటీ పైకి చదువుతారు. ఒక్కో దానికీ కెప్టెన్ బల్ల మీద చెయ్యేసి, "ఇది జరిగితే ఆపేస్తాను" అని అనాలి. మనసులో అనుకుంటే చాలదు, అందరికీ వినపడాలి. నేల మీద ఒప్పుకున్న దాన్ని గాల్లో బేరమాడకూడదు. ఎందుకంటే పైన, ఆ వేగంలో, ముందుకెళ్ళడానికి మనిషి ఏదో ఒక కారణం వెతుక్కుంటాడు. నాకు తెలిసిన మంచి పైలట్లు ఇద్దరు అలా వెతుక్కునే పోయారు.

ఇంకొకటి. "ఆపెయ్" అనే మాట ఎవరైనా అనొచ్చు. నేనూ, మారిసోలూ, కింద రేడియో దగ్గరున్నవాళ్ళూ, వెనక కూర్చున్న నువ్వూ. అన్నాక చక్రాలు నేల మీద ఆగేదాకా ఎవరూ ఎందుకని అడగరు. అడిగితే, ఇంకోసారి ఆ మాట అనడానికి మనిషి జంకుతాడు.

నువ్వు బల్ల దగ్గర వింటావు గనక ఒకటి ముందే చెబుతున్నాను. ధ్వని వేగం దాటాక తోక రెక్కలు వంగాలి. వంగినట్టు పచ్చదీపం వెలగాలి. వెలగకపోతే ఇంజను కట్టేస్తాను. అప్పుడు అంతరిక్షం ఉండదు, ఇల్లే. ఇప్పటిదాకా ప్రతిసారీ వెలిగింది.

గ్రేడీ


మొహావి
ఏప్రిల్

ప్రియమైన తమ్ముడికి,

క్షేమంగా ఇల్లు చేరాను. మీ బావ ఎయిర్‌పోర్టులో అందరి ముందూ నన్ను ఎత్తబోయి మోకాలు పట్టేసుకుని కూర్చుండిపోయాడు. సూట్‌కేసూ ఆయన్నీ ఇద్దర్నీ నేనే నడిపించుకొచ్చాను.

అందరూ నన్ను పాపం అన్నట్టు చూస్తున్నారు. "అంతదూరం వెళ్ళి చూడకుండా వచ్చావా!" అంటున్నారు. నేనేం చూశానో నీకు రాయాలి. నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి నీకు తెలియదు.

తల్లి విమానం వదిలెయ్యగానే రాయిలా కిందికి పడ్డాం. తర్వాత నువ్వు ఇంజను వెలిగించావు. గుర్రం తన్నినట్టు ఉంటుందని చెప్పావు గానీ అది తక్కువ చెప్పడమే. కిటికీలో నీలం ముదిరిపోతోంది. నల్లబడేదాకా ఇంకెంతో లేదని నాకే తెలుస్తోంది. నా పక్కనున్న మీ ఆఫీసు అబ్బాయి అప్పుడే "వచ్చేశాం, వచ్చేశాం" అంటున్నాడు.

అప్పుడు మారిసోల్ అంది, "పచ్చ రాలేదు."

నువ్వు, "ఆపేస్తున్నా" అన్నావు.

అంతే. ఆ రెండు మాటల మధ్య ఊపిరి పట్టేంత సందు కూడా లేదు. పెద్ద చప్పుడంతా ఒక్కసారి పోయింది. ఆ నిశ్శబ్దంలో నీ గొంతు వచ్చింది, "అక్కా, బాగున్నావా?" అని. మన వంటింట్లో కూర్చుని అడిగినట్టే. "బాగున్నా రా" అన్నాను. ఎక్కేటప్పుడు వేసుకున్న పుదీనా బిళ్ళ ఇంకా నా నోట్లోనే ఉంది.

కిందికి వస్తున్నంతసేపూ నీ మెడనే చూస్తూ కూర్చున్నాను. అది ఒక్కసారి కూడా పైకి, ఆ వదిలేసిన ఆకాశం వైపు, తిరగలేదు. రేడియోలో ఒక్కరూ ఎందుకని అడగలేదు. మన చర్చి కమిటీకి అందులో సగం క్రమశిక్షణ ఉన్నా చర్చికి కొత్త పైకప్పు ఎప్పుడో వేసేసేవాళ్ళు.

కింద షాంపేన్ సీసాలు మూత తియ్యకుండానే వెనక్కి తీసుకుపోవడం చూశాను. టీవీవాళ్ళ ముందు ప్రెంటిస్ గారు నవ్వుతూనే ఉన్నారు, కళ్ళు నవ్వలేదు. నువ్వు తలెత్తే నిలబడ్డావు. ఒరేయ్ గ్రేడీ, నువ్వు పట్టా పుచ్చుకున్న రోజున గానీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు నీ చొక్కాకి రెక్కల బ్యాడ్జి తగిలించిన రోజున గానీ నాకు ఇంత గర్వం కలగలేదు. అమ్మా నాన్నా ఉండి చూస్తే బాగుండేది.

మీ ప్రెంటిస్ గారు మర్యాదగా ఫోను చేసి నా ఒంట్లో ఎలా ఉందో కనుక్కున్నారు. బాగానే ఉందని చెప్పాను.

నోరీన్


లాస్ క్రూసెస్
మే

అక్కా,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి మంచి మాట దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు.

తోక విప్పి చూశారు. రెక్కలు సరిగ్గానే వంగాయట. దీపానికి వెళ్ళే తీగ ఒకటి వదులైంది. అంతే. విమానం బంగారంలా ఉంది. నేను ఊరికే వెనక్కొచ్చాను.

హ్యాంగర్‌లో ఎవరో నా హెల్మెట్ మీద పచ్చరంగు బిళ్ళ అంటించారు. నవ్వాను. వాళ్ళు నా మనుషులే, వాళ్ళ ఎగతాళిలో విషం లేదు. కానీ టికెట్టు కొన్నవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. కొందరు డబ్బు వెనక్కి అడుగుతున్నారు. ప్రెంటిస్ గారు నన్ను గదిలోకి పిలిచి చాలా మెత్తగా మాట్లాడారు. "తప్పు నీది కాదు గ్రేడీ. కానీ జనానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎడమ సీటు ప్రస్తుతానికి ఖాళీగా ఉంచుదాం" అన్నారు.

ఆ 'ప్రస్తుతానికి' అనే మాట నాకు బాగా తెలుసు. డార్లా కూడా అదే అంది.

బల్ల మీద చెయ్యేసి చెప్పిందే చేశాను. మళ్ళీ అయినా అదే చేస్తాను. కానీ మధ్యాహ్నాలు విమానం పక్కన ఒక్కణ్ణీ నిలబడితే ఒక పాడు ఆలోచన వస్తుంది. మారిసోల్ నిన్న అననే అంది, "వెనక ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారని చెప్పుకునే వీలున్నా ఈ గొడవే ఉండేది కాదు" అని. నిజమే కదా? ఒక చిన్న సాకు దొరికి ఉంటే ఆ సీటు ఇంకా నాదే.

బావకి చేపలకి రాలేనని చెప్పు.

గ్రేడీ


మొహావి
మే

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. నీకొకటి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

ఆ సాకు దొరికింది. నా చేతికే దొరికింది.

ప్రెంటిస్ గారు నా ఆరోగ్యం కనుక్కోవడానికి ఫోను చేసింది నిజమే. తర్వాత అన్నారు, "నోరీన్ గారూ, ఆ ఎత్తులో మీ వయసువాళ్ళకి కళ్ళు తిరగడం సహజం. మీకు కాస్త నలతగా అనిపించిందని, మీ తమ్ముడు మీ కోసమే ఆపాడని మీరు ఒక్క మాట అంటే చాలు. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. విమానానికి మచ్చ ఉండదు. అతని సీటు అతనికే ఉంటుంది" అని.

ఒరేయ్, నాకు ఆశ పుట్టలేదని చెప్పను. ఆ అబద్ధం వల్ల ఎవరికి నష్టం? నాకే. నన్ను పిరికిదాన్నంటారు. అంటే అననీ, ఇక్కడ ఎలాగూ అంటున్నారు. నీ కోసం అంతకంటే పెద్దవే మొయ్యగలను. ఆయన చివర "ఇది కుటుంబప్రేమ" అని కూడా అన్నారు.

ఒక రోజు గడువు అడిగాను. ప్రార్థన చేశాను. నాకు కళ్ళు తిరిగాయని అంటే నువ్వు దయతలచి ఆపినవాడివవుతావు. అది మంచిమాటే. కానీ నువ్వు దయతలచి ఆపలేదు. ఆపుతానన్నావు గనక ఆపావు. నేను నా కళ్ళతో చూసిన ఆ పనిని చెరిపేసి, దాని మీద నా జబ్బు రాయమంటున్నారు. నాకు చెయ్యి రాలేదు. మర్నాడు ఫోను చేసి, "వద్దండి, నాకేమీ కాలేదు" అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

నిన్ను అడగకుండానే నీ సీటు పోగొట్టాను. అడిగితే నువ్వే వద్దంటావనుకున్నాను. నీ ఉత్తరం చూశాక, అడగాల్సిందేమో అనిపిస్తోంది. కోపం వస్తే కోపంగానే రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

నీ అక్క
నోరీన్


లాస్ క్రూసెస్
జూన్

నోరీన్,

రాయమన్నావు గనక రాస్తున్నాను. కోపంగానే ఉంది.

సీటు నాది. ఆ విషయంలో అవునన్నా కాదన్నా అనాల్సింది నేను. నువ్వు నా తరఫున ప్రార్థన చేసుకుని, నా తరఫున నిర్ణయించేసి, తర్వాత నాకు పుదీనా బిళ్ళ కబుర్లు రాశావు. చిన్నప్పుడు నా భోజనం డబ్బా సర్దినట్టు.

నేను ఏమనేవాణ్ణో నాకే తెలియదు. అదే నన్ను తినేస్తోంది.

నన్ను బుజ్జగించడానికి ఇప్పుడేమీ పంపకు.

గ్రేడీ


మొహావి
జూన్

తమ్ముడికి,

నువ్వన్నది న్యాయమే. ఏమీ పంపడం లేదు. మీ బావ మాత్రం పడవకి రంగు వేస్తున్నాడు, ఎవరి కోసమో చెప్పడు.

నోరీన్


లాస్ క్రూసెస్
ఆగస్టు

అక్కా,

రెండు నెలలు రాయలేదు. క్షమించమని అడగను, అడిగితే నువ్వు ఏడుస్తావు, బావ నాకు ఫోను చేసి తిడతాడు. జరిగింది రాస్తాను.

టికెట్టు కొన్నవాళ్ళందర్నీ కంపెనీ ఇక్కడ హోటల్లో సమావేశపరిచింది. పచ్చ మిరపకాయల కూర, మెత్తటి కుర్చీలు, గోడంత ఫోటోలు. మాకు సూట్లు వేయించి ముందు వరసలో బొమ్మల్లా కూర్చోబెట్టారు. అంతకు ముందే ప్రెంటిస్ గారు నన్ను పక్కకి పిలిచి, "ఈరోజు సాఫీగా గడిస్తే ఎడమ సీటు మళ్ళీ నీదే. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, కూర్చుంటే చాలు" అన్నారు. నాకు అర్థం కాలేదు.

ఆయన వేదికెక్కాక అర్థమైంది. "ఏప్రిల్ ప్రయాణం గురించి మీరందరూ అడుగుతున్నారు. విమానంలో మా పైలట్ గారి సోదరి ఉన్నారు. పెద్దామె. పాపం, ఆవిడ ఇబ్బంది పడ్డారు. ఏ తమ్ముడైనా ఏం చేస్తాడు?" అన్నారు. అబద్ధం అనడానికి లేదు, నిజం అసలే కాదు. హాలంతా 'అయ్యో' అంది. ఎవరో నా వైపు చూసి చప్పట్లు కూడా కొట్టారు.

అక్కా, నేను చెయ్యాల్సిందల్లా ఊరికే కూర్చోవడం. మారిసోల్ నా వైపు చూడకుండా తన బూట్లే చూసుకుంటోంది. నేను ఏమనేవాణ్ణో నాకే తెలియదని నీకు రాశాను కదా. ఆ కుర్చీలో తెలిసింది.

లేచాను. "మా అక్కకి యాభై ఏళ్ళు. పెద్దామె అంటే ఊరుకోదు" అన్నాను. నవ్వారు. "ఆవిడకి ఏమీ కాలేదు. బిళ్ళ చప్పరిస్తూ కూర్చుంది. దీపం వెలగకపోతే ఆపుతానని ముందురోజు చెప్పాను, వెలగలేదు, ఆపాను. తర్వాత చూస్తే విమానంలో ఏ లోపమూ లేదు, దీపం తీగ వదులైంది. ఇంతే జరిగింది."

ప్రెంటిస్ గారి ముఖం చూడలేదు. అక్కడ చూసే ధైర్యం లేకపోయింది, నిజం చెబుతున్నాను.

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. హెర్షెల్ అని, అరిజోనాలో తేనెటీగలు పెంచుతాడట. డెబ్భై ఎనిమిదేళ్ళు. మొదటి నలుగురిలో ఒకడు. గట్టిగా అడిగాడు, "అయితే బాగున్న విమానాన్ని వెనక్కి తిప్పావన్నమాట!"

"అవునండీ."

"రేపు నేను వెనక కూర్చున్నా, దీపం వెలగకపోతే తిప్పేస్తావా? పదిహేనేళ్ళు ఆగానయ్యా నేను!"

"తిప్పేస్తానండీ."

"నేను ఏడ్చినా?"

"ఏడ్చినా."

ఆయన పక్కనున్న భార్య ఆయన చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. కూర్చుంటూనే అన్నాడు, "ఈ మాట ముందే చెబితే ఇన్ని నెలలూ నిద్ర పట్టేది కదా నాకు! ఇతను ముందు కూర్చుంటేనే నేను ఎక్కుతాను." మిగతా ముగ్గురిలో ఇద్దరు ఆయన మాటే అన్నారు. ఒకావిడ మాత్రం లేచి వెళ్ళి డబ్బు వెనక్కి అడిగింది. ఆవిడ్ని తప్పు పట్టను, ఆ సీటు వరసలో తర్వాతివాళ్ళకి పోయింది.

ఫలితం ఏమిటంటే, ప్రెంటిస్ గారు నాతో మాట్లాడరు. అందరి ముందూ ఆయన్ని అలా నిలబెట్టినవాడికి కెప్టెన్ సీటు ఇవ్వడం కుదరదన్నారట. నన్ను ముందు కూర్చోబెట్టకపోతే హెర్షెల్ ఎక్కనన్నాడు. అందుకని మారిసోల్ ఎడమ సీట్లో, నేను కుడి సీట్లో. నా శిష్యురాలు నాకు కెప్టెన్! "కాఫీ తెచ్చిపెడతావా గ్రేడీ?" అని అప్పుడే మొదలుపెట్టింది. తెచ్చిపెట్టాను. చక్కెర ఎక్కువ వేశాను.

ఇంతకీ ఇదంతా నీకు ఎందుకు రాస్తున్నానంటే, సీటు పోయింది. ఈసారి నువ్వు పోగొట్టలేదు, నేనే పోగొట్టాను, నా నోటితో. అది చెయ్యడం నాకు తేలికైంది. ఎందుకంటే మన ఇంట్లో ఇంకొకరు ముందే చేసి ఉన్నారు.

నువ్వు అక్టోబరులో వస్తే బాగుంటుంది. బావని కూడా తీసుకురా. పడవ రంగు ఆరాకే.

నీ తమ్ముడు
గ్రేడీ


మొహావి
అక్టోబరు

ప్రియమైన తమ్ముడికి,

నిన్ననే ఇల్లు చేరాం. నువ్వింకా విలేకరుల మధ్యనే ఉండి ఉంటావు, తీరిక దొరికినప్పుడు చదువుకో.

మమ్మల్ని రన్‌వే పక్కన గుడారంలో కూర్చోబెట్టారు. నా పక్కన హెర్షెల్ గారి భార్య. ఆవిడ పేరు ఎడ్నా. సంచిలో తేనె సీసాలు తెచ్చి కనిపించిన ప్రతివాళ్ళకీ పంచుతోంది. "ఆయన కూడా బూడిదై ఇలాంటి సీసాలోనే తిరిగొస్తాడేమోనని చెప్పానమ్మా, వింటాడా?" అంది. నవ్వుతూనే అంది గానీ చెయ్యి చల్లగా ఉంది, పట్టుకున్నాను. ముందురోజు ఆ నలుగుర్నీ కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నీ వినిపించారట కదా. మారిసోల్ చెయ్యి బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ చెబుతుంటే హెర్షెల్ గారు కూడా తన చెయ్యి పెట్టి "ఆపేస్తాను, ఆపేస్తాను" అన్నాడట. "ఇంట్లో ఏ పనీ ఆపమంటే ఆపడు" అని ఎడ్నా గారి ఫిర్యాదు.

తల్లి విమానం మిమ్మల్ని వదిలింది. తెల్లగీత పుట్టింది. మీ బావ లేచి నిలబడ్డాడు, మోకాలు గుర్తులేదు. స్పీకరులో నీ గొంతు వచ్చింది, "పచ్చ వచ్చింది" అని. "వచ్చింది" అని మారిసోల్. గీత పోతూనే ఉంది. ఎడ్నా గారు నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే ఉంగరం అచ్చు ఇప్పటికీ ఉంది. తర్వాత ఇంజను శబ్దం ఆగాక రేడియోలో ఒక ముసలి గొంతు పిల్లాడిలా అరిచింది, "ఎడ్నా! భూమి గుండ్రంగా ఉందే!" అని. గుడారమంతా ఏడ్చింది. ప్రెంటిస్ గారు కూడా కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఆయన కోసం కూడా ప్రార్థన చేస్తున్నాను, నువ్వు నవ్వకు.

మీరు దిగాక మైకు పట్టుకున్న ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది. "మీ తమ్ముడు ఈరోజు చరిత్ర సృష్టించారు. మీకు గర్వంగా ఉందా?" అని అడిగింది.

"ఈరోజు సంతోషంగా ఉందమ్మా" అన్నాను. "గర్వపడింది ఏప్రిల్‌లోనే."

"ఏప్రిల్‌లో ఏం జరిగింది?"

"వెనక్కొచ్చాడు" అన్నాను.

ఆ అమ్మాయి మైకు దించేసి ఎడ్నా గారి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట పేపర్లో రాదు. అందుకే నీకు రాస్తున్నాను.

నీ అక్క
నోరీన్